నేను పోయిన అధ్యాయం

రేణిగుంట,
గురువారం.

తమ్ముడు భానుకి,

నీ పుస్తకం వెనక అట్ట మీద అడ్రసు చూసి రాస్తున్నాను. నేను మోహనని, నీ అక్కని. నువ్వు పచ్చకామెర్లతో పోయిందని రాసిన దాన్ని. ఎవరో ఆకతాయితనానికి రాశారనుకోకు. నీ ఎడమ మోకాలి మీద గానుగ దగ్గర బెల్లం పాకం పడి కాలిన మచ్చ ఉంది. ఆ సంగతి నువ్వు ఎక్కడా రాయలేదు. పాకం కుండ తన్నింది నేనేనని నాయనతో అబద్ధం చెప్పి, నీ బదులు దెబ్బలు తిన్నాను. ఇక నమ్ముతావనుకుంటాను.

ఫోను చేద్దామా అనుకున్నాను. నా గొంతు వినగానే పెట్టేస్తే మళ్ళీ చేసే ధైర్యం నాకుండదు. ఉత్తరమైతే చించే ముందు ఒకసారైనా చదువుతావు.

పుస్తకం మా ఇంటికి ఎలా వచ్చిందంటే, నా కూతురు స్టెల్లా ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. నాకు అదొక్కతే. వాళ్ళ నాన్న సుకుమార్ కరోనాలో పోయాడు. పోయిన నెల అది బడి లైబ్రరీ నుంచి నీ 'ఓడ దిగినాక' తెచ్చుకుంది. "ఓడల్లో పనిచేసొచ్చిన మనిషంటమ్మా. మన చిత్తూరాయనే. ఎంత బాగా రాసినాడో సూడు" అని సాయంత్రం పూట చదివి వినిపించేది. నేను పితకపప్పు కోసం అనపకాయలు వొలుస్తూ వినేదాన్ని. పేరు వినగానే నువ్వేనని తెలిసింది. దానికి చెప్పలేదు. నాకెవరూ లేరని, అమ్మ, నాయన, తమ్ముడు అందరూ పోయారని దానికి ఊహ తెలిసినప్పుడే చెప్పేశాను. నువ్వు నన్నొక్కదాన్నే చంపావు, నేను మీ ముగ్గురినీ చంపాను. అందుకని ఆ విషయంలో నీ మీద నాకు కోపం లేదు.

మొదట్లో నిజంగా గర్వపడ్డాను. మన బెల్లం దిమ్మెల సంగతి, ఓడలో నువ్వు వండిన ఉలవచారు వాసనకు తోటివాళ్ళు పారిపోయిన సంగతి విని నవ్వుకున్నాను. తరువాత డర్బన్ రేవు అధ్యాయం వచ్చింది. అక్కడ ఒక ముసలాయన నీ తెలుగు విని దగ్గరికొచ్చి, మా అవ్వది చిత్తూరు పక్కనే అన్నాడని రాశావు. చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కిన ఆ అవ్వకు, ఇక్కడ అయినవాళ్ళు బతికుండగానే కర్మ చేసి చేతులు కడుక్కున్నారని రాశావు. రాజులు ఎప్పుడు పోయారో చరిత్రలో ఉంటుంది, బతికుండగా పోయినవాళ్ళ గురించి ఎవరు రాస్తారు అని అడిగావు. స్టెల్లా ఆ మాట రెండుసార్లు చదివింది. వొలుస్తున్న కాయ నా చేతిలోనే ఉండిపోయింది. వీడికి తెలుసు, ఇక నా సంగతి రాస్తాడు అనుకున్నాను.

రాశావు. మర్నాడు చదివిన అధ్యాయం పేరే 'అక్క'. నేను కళ్ళు పచ్చబడి, నాటుమందు పనిచేయక, "తమ్ముడు ఎప్పుడొస్తాడమ్మా" అని అడుగుతూ అమ్మ ఒళ్ళో పోయాను. నా కూతురు అది చదవలేక మధ్యలో ఆపేసి ఏడ్చింది. కొంగుతో దాని ముఖం నేనే తుడిచాను. "మీ ఊరే గదా, ఆమె పేరు కూడా నీ పేరే. నీకు తెలుసా ఆమె?" అని అడిగింది. తెలుసన్నాను. "ఎట్లాంటిదమ్మా?" అంటే పొగరుది అన్నాను. రెండు రోజుల తరువాత నిజం చెప్పాను. అది ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

అసలు జరిగింది నీకెవరూ చెప్పి ఉండరు. సుకుమార్ చిత్తూరు మండీలో నాయన బెల్లం ఎత్తే లారీ ఆఫీసులో గుమాస్తా. కులం వేరు, దేవుడు వేరు. నాయన ఒప్పుకోడని తెలిసే చెప్పకుండా వెళ్ళిపోయి ఇక్కడ చర్చిలో పెళ్ళి చేసుకున్నాం. ఆవేశం చల్లారి ఉంటుందిలే, కాళ్ళ మీద పడదాం అని కొన్నాళ్ళాగి ఇద్దరం బస్సెక్కి పూతలపట్టులో దిగి ఊళ్ళోకి నడిచాం. ఇంటి ముందు పందిరి ఉంది. వడల వాసన వస్తోంది. నాయన అరుగు మీద గుండుతో కూర్చుని ఉన్నాడు. పోయింది అమ్మో, నువ్వో అనుకున్నాను. నువ్వు సముద్రం మీద ఉన్నావు, ఏమైనా కావచ్చు. పక్కింటి దేవకమ్మ పెద్దమ్మ బిందెతో ఎదురొచ్చింది. "ఎవురు పోయినారు పెద్దమ్మా?" అని చెయ్యి పట్టుకున్నాను.

ఆమె చెయ్యి విడిపించుకుని, "నువ్వే పాపా" అంది. "ఈ పొద్దు నీ దినం. ఈడ నిలబడాకు, పో తల్లీ."

అయినా నిలబడ్డాను. పిట్టగోడ మీద విస్తరాకులో నాకు పిండం పెట్టారు. నాకిష్టమని కజ్జికాయలు కూడా పెట్టారు. నాయన నన్ను చూశాడు. చూసి కాకుల వైపు తిరిగి పిలిచాడు. కాకి వెంటనే వచ్చి ముట్టింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు, పోయినదానికి ఏ కోరికా మిగల్లేదని. తలుపు వేసే ఉంది. అమ్మ బయటికి రాలేదు. సుకుమార్ నా భుజం పట్టుకుని బస్సు దాకా నడిపించాడు. ఆ రోజు తరువాత నేను ఆ ఊరు పోలేదు. నాయన పోయినట్టు పేపర్లో చూసినప్పుడు కూడా పోలేదు.

నేను నిన్నేమీ అనడానికి రాయలేదు. పుస్తకం నీది, ఏమైనా రాసుకో. అమ్మ నీ దగ్గరే ఉందని పుస్తకం ముందుమాటలో ఉంది. ఆమెను ఒక్కసారి చూడనివ్వు. పావుగంట చాలు. నీ ఇంట్లో ఎవరికి ఏమని చెప్తావో అదే అంటాను. పనిమనిషినంటే పనిమనిషినే.

నీ అక్క,
మోహన.


తిరుపతి,
మంగళవారం.

అక్కా,

నీ ఉత్తరం అందింది. నీ చేతిరాత మారలేదు. గుర్తుపట్టడానికి మోకాలి మచ్చ అవసరం లేకపోయింది.

నువ్వు బతికి ఉన్నావని నాకు తెలుసు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం నాకు తేలిక.

"మోహన పోయింది. కర్మ జరిపించాము. నువ్వు వచ్చి చేయగలిగిందేమీ లేదు." నాయన ఉత్తరంలో ఉన్నది ఇంతే. డర్బన్ రేవులోనే నాకు అందింది. పోయింది అంటే ఎక్కడికి అని ఎవరూ అడగరు కదా. ఓడలో ఏడవడానికి చోటుండదు. గదిలో నలుగురం. లంగరు గొలుసు చుట్టిపెట్టే కొట్టు ఒకటి ముందు భాగంలో ఉంటుంది, ఎవరూ రారు. ఆ తుప్పు వాసనలో కూర్చుని ఏడ్చేవాణ్ణి. ఇంట్లో ఉన్నవాళ్ళకు శవం ఉంటుంది, కట్టెలుంటాయి, బూడిద ఉంటుంది. సముద్రం మీద ఉన్నవాడు అవన్నీ తనే ఊహించుకోవాలి. నీకు ఏం జబ్బు చేసిందో, చివరికి ఏమన్నావో నేనే కల్పించుకున్నాను. పచ్చకామెర్లు అలా వచ్చినవే. పుస్తకం కోసం కల్పించినవి కావు.

కొన్నేళ్ళకు సెలవు ముగించుకుని బొంబాయి వెళుతూ రేణిగుంట స్టేషన్లో నిన్ను చూశాను. బెంచీ మీద కూర్చుని ఒక పిల్లకు ఇడ్లీ తినిపిస్తున్నావు. దయ్యమనుకున్నాను. పిల్ల మొహం తిప్పుకుంటే చేతి మీద ఒక్కటి వేశావు. మనిషివేనని అప్పుడు తెలిసింది. నాకు ఆనందం కలగాలి. కలగలేదు. కోపం వచ్చింది. నేను నీ కోసం ఆ కొట్టులో అన్ని నెలలు ఏడిస్తే నువ్వు ఇడ్లీ తినిపిస్తూ కూర్చున్నావు. రెండు పెట్టెలు దాటి నడిచి రైలెక్కేశాను. మళ్ళీ సెలవుకు వచ్చినప్పుడు నాయనను నిలదీశాను. "మనకి పోయింది, అంతే. మీ యమ్మ దగ్గిర ఆ మాట ఎత్తితే అది సస్తాది" అన్నాడు. నేను ఎత్తలేదు. తరువాత నా పెళ్ళి, పిల్ల, ఉద్యోగం. ఎత్తకపోవడం అలవాటైపోయింది.

నిజం రాయవచ్చు కదా అంటావు. నువ్వు అనకపోయినా నీ ఉత్తరంలో అది ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తే అది మన ఇంటి రచ్చ. నేను రాసినట్టు రాస్తే, దూరాన ఉండి అయినవాళ్ళ చావుకు అందలేని ప్రతి మనిషి గోడూ అయింది. దుబాయి నుంచి, కువైట్ నుంచి ఫోన్లు చేసి ఏడుస్తారు. ఆ అధ్యాయం తీసేస్తే పుస్తకంలో మిగిలేది రేవుల పేర్లు. నువ్వు బతికి ఉండటం నీకు నిజం. నా ఏడుపు కూడా నిజమే, అక్కా. అది ముందు పుట్టింది.

ఇక అమ్మ విషయం. ఆమెకు జ్ఞాపకం పోయింది. నన్ను ఒక్కోసారి నాయననుకుని ఏమయ్యా అని పిలుస్తుంది. నువ్వు జబ్బు చేసి పోయావన్నదే ఆమె నమ్మకం. రోజూ సాయంత్రం ఆ అధ్యాయం చదివించుకుంటుంది. విని ఏడ్చి అన్నం తిని పడుకుంటుంది. ఆమె మనసులో నువ్వు ఆమె ఒళ్ళోనే పోయావు. ఇప్పుడు నెరిసిన జుట్టుతో నువ్వు వచ్చి ఎదుట నిలబడితే ఆమెకు ఒరిగేదేమిటి? ఆ ఒక్క శాంతీ పోతుంది. నీ కోరిక తీరడానికి ఆమెను అంత బాధ పెడతావా?

ఇంకొకటి కూడా దాచను. మా ఐశ్వర్యకు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి ఆ పుస్తకం చదివే మా ఇంటికి వచ్చాడు. వచ్చే ఆదివారం ఇక్కడ నాకు సన్మానం చేస్తున్నారు. వాళ్ళంతా వస్తారు, 'అక్క' అధ్యాయాన్ని వేదిక మీద చదివిస్తారు. దయచేసి నువ్వు ఆ సభకు రావద్దు. పనిమనిషి తిరుమలమ్మను అమ్మ దగ్గర పెట్టి మేమంతా అక్కడే ఉంటాం, ఎవరో వచ్చి గొడవ చేస్తే సర్దుకోగలిగే స్థితిలో ఉండను.

నీ మీద నాకు ద్వేషం లేదు. నీ గురించి రాసినంత ప్రేమగా నేను ఇంకెవరి గురించీ రాయలేదు. ఇక ఉత్తరాలు వద్దు.

భానుచందర్.


రేణిగుంట,
ఆదివారం సాయంత్రం.

భానూ,

ఈ ఉత్తరం తిరుమలమ్మ తెచ్చి ఇస్తుంది. ఆమెను ఏమీ అనకు. అమ్మ నా దగ్గర ఉంది. భోంచేసింది, బాగుంది. తిరుమలమ్మ నీకు ఫోను చేస్తానంటే నేనే వద్దన్నాను. నీ సభ చెడకూడదని.

నీ సభకు రావద్దన్నావు, రాలేదు. నీ ఇంటికి పోయాను. సారు పుస్తకం చదివి వాళ్ళమ్మను చూడటానికి వచ్చానంటే తిరుమలమ్మ గేటు తీసింది. అట్లా చాలామంది వస్తారంట కదా. అమ్మ వరండాలో పట్టె మంచం మీద కూర్చుని ఉంది. ఎంత చిన్నదైపోయింది భానూ. నేను కూర్చోగానే నా చేతిలో సంచీ చూసి, "పుస్తకమా? సదువమ్మా. మావోడు ఈ పొద్దు యాడికో పోయినాడు" అంది. తలగడ కింద నుంచి నీ పుస్తకం తీసి ఇచ్చింది. ఆ పేజీ దగ్గర అట్టముక్క పెట్టి ఉంది.

చదివాను. అక్కడ సభలో నీ ముందు ఎవరు చదివారో తెలియదు, ఇక్కడ నేను చదివాను. నా కళ్ళు పచ్చబడటం చదివాను. నాటుమందు కక్కుకోవడం చదివాను. తమ్ముడు ఎప్పుడొస్తాడని అడగడం చదివాను. నా చావు నేను చదువుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కన్న తల్లి నా కోసం ఏడుస్తుంటే చూసే భాగ్యం నాకు నీ వల్లే కలిగింది. అయిపోయాక ముక్కు చీదుకుని, "మావోడి కన్నా నువ్వే బాగా సదివినావు" అంది.

తరువాత వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించి అంది. "అదంతా నిజం కాదమ్మా. మా పాప సావలేదు. మేమే సంపినాం."

నువ్వు ఆమెకు జ్ఞాపకం పోయిందన్నావు. వినుకో. "దాని దినం నాడు అది వచ్చి వీదిలో నిలబడింది. నేను కిటికీ రెక్క సందులో నుంచి సూస్తా ఉండినాను. మండుటెండ. పెండ్లయిన పిల్ల, గొంతు ఎండిపోతా ఉంటాదని సెంబుతో నీళ్ళు తీసుకోని తలుపు కాడికి వచ్చినాను. ఆయన నన్ను సూసినాడు. ఊరికే సూసినాడు. ఆ నీళ్ళు నేనే తాగేసినానమ్మా." మళ్ళీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మావోడికి తెల్దు. వాళ్ళ నాయన మాట నమ్మి పాపం అంత ఏడ్సి రాసుకున్నాడు. నిజం తెలిస్తే తట్టుకోలేడు. నువ్వు యాడా సెప్పొద్దు."

ఆమె నిన్ను కాపాడటానికి రోజూ నీ అబద్ధం వింటోంది. నువ్వు ఆమెను కాపాడుతున్నానని రోజూ చదువుతున్నావు.

నేను ఉండబట్టలేకపోయాను. "అమ్మా, నేనే మోహనని. సూడమ్మా నన్ను" అన్నాను. చూసింది. నా జుట్టు, నా మెడ, నా చేతుల మీద ముడతలు అన్నీ తడిమి చూసింది. తరువాత నవ్వింది. "మా మోహనకి ఇరవై రెండేండ్లు. నువ్వు ముసిల్దానివి గదమ్మా."

తిరుమలమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. ఆమె ముఖం చూడలేక లేచి వచ్చేయబోయాను. అమ్మ కొంగు పట్టుకుంది. "మీదే ఊరమ్మా?" అంది. రేణిగుంట అన్నాను. అంతే, ఆమె కళ్ళు వేరే అయిపోయాయి. "మా పాప ఆడనే ఉండాదంట. దేవకమ్మ సెప్పింది. ఎవురినడిగినా తీసుకోని పోరు. నువ్వు తీసుకోని పోతావా? దాన్ని ఒకసారి సూసి వచ్చేస్తా" అని మంచం దిగి చెప్పుల కోసం వెతుక్కుంది.

నేను తీసుకొచ్చానని కేసు పెడతావో ఏమో, పెట్టుకో. తిరుమలమ్మ వద్దంది. నేను ఎవరినో చెప్పాను. ఆమె నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసి, "ముక్కు సూసినప్పుడే అనుకున్నాన్లే" అంది. "నేనూ వస్తా పదమ్మా. ముసలామెని ఒంటిగా పంపితే సారు నన్ను బతకనీడు." ముగ్గురం ఆటోలో వచ్చాం. దారంతా అమ్మ బయటికి తల పెట్టి, రోడ్డు మీద పోయే వయసు పిల్లలందరినీ చూస్తూ వచ్చింది.

మా ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టాను. "మా పాప యాడ?" అంది. బయటికి పోయింది, వచ్చేస్తుంది అన్నాను. ఇంకేం చెప్పను? గోడకు ఆనుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నేను ఆమె పాదాలు ఒత్తితే, "నీకెందుకమ్మా ఇంత పని" అని కాళ్ళు ముడుచుకుంది.

చర్చిలో పిల్లలకు పాటలు నేర్పించి స్టెల్లా వచ్చింది. అది అచ్చం నేనే భానూ, నువ్వు చూస్తే తెలుస్తుంది. గడప దాటిందో లేదో, అమ్మ ఎవరూ పట్టుకోకుండా లేచి నిలబడింది. "వచ్చినావా మోహనా!" అని పోయి దాన్ని కౌగిలించుకుంది. స్టెల్లా బిత్తరపోయి నన్ను చూసింది. రెండు వారాలుగా నాతో సరిగ్గా మాట్లాడని పిల్ల అది. నేను తల ఊపాను. "వచ్చినానమ్మా" అంది నా కూతురు.

ఎన్నెన్ని ముద్దులు పెట్టుకుందో. ఎంత చిక్కిపోయినావే అంది. ఆ పొద్దు నీళ్ళియ్యలేదని నా మీద కోపమా అంది. స్టెల్లాకు ఏం అర్థమైందో ఏమో, లేదమ్మా అంది. నేను స్తంభం పక్కన నిలబడి చూశాను. నా కోసం దాచుకున్న మాటలన్నీ నా కళ్ళ ముందే దానికి ఇచ్చేసింది. ఒక్కటి కూడా నా దాకా రాలేదు. నాకు నా కూతురి మీద అసూయ పుట్టింది. ఇంతకంటే నీచం ఏముంటుంది చెప్పు.

అంతా అయ్యాక నా వైపు తిరిగింది. రెండు చేతులూ జోడించింది. "నువ్వెవురో గానీ తల్లీ, నా బిడ్డకి ఇన్నాళ్ళూ ఇంత తిండి పెట్టి నీడ ఇచ్చినావు. నిన్ను కన్న తల్లి పుణ్యాత్మురాలు" అంది. వంగి నా కాళ్ళు పట్టుకోబోతే తిరుమలమ్మ ఆపింది. నాకు ఆపాలని కూడా తోచలేదు.

ఇప్పుడు స్టెల్లా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నేను వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. నేను ఆమెను దాచుకోను. నువ్వు రేపు రా. తీసుకుపోతావో, ఇక్కడే ఉంచుతావో నీ ఇష్టం. కానీ రాక తప్పదు. ఇల్లు లారీ ఆఫీసుల వెనక వీధిలో, తిరుమలమ్మ చూపిస్తుంది. నువ్వు వస్తే అమ్మ స్టెల్లాను నీ ముందు నిలబెట్టి, మీ అక్క సావలేదురా అంటుంది. అప్పుడు నీకు తెలియనట్టు ఏడవాలి. ఇన్నేళ్ళూ రాశావు కదా, ఏడవడం నీకు చేతకాకపోదు.

ఆ తరువాత నన్ను చూపించి, ఈమే నా బిడ్డను సాకిన మహాతల్లి అంటుంది. కొత్తగా చూసినట్టు నాకు నమస్కారం పెట్టు.

స్టెల్లా వాళ్ళమ్మ.